రెండు కాయితాలు ఒకపాలి

మా ఇంట్లో చదవడం వచ్చినవాడు వీడేనన్న పేరు నాకు ఎనిమిదో ఏటనే వచ్చింది. ఆ పేరు నిలబెట్టుకోడానికి నేను చేసిన వెధవపనులు చెప్పాలంటే ఎక్కణ్ణించి ఎత్తుకోవాలో తెలియడం లేదు. బేతాళుడి దగ్గర్నించే ఎత్తుకుంటాను.

మాది వజ్రపుకొత్తూరు మండలం. రాత్రి పడుకుంటే సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఊరు. ఇసకనేల, కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్దానమంటే ఉద్యానవనమని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ పేరు చెప్తే అవతలివాడు మన మొహం ఒకసారి, కాళ్ళవాపు ఉందేమోనని పాదాలు ఒకసారి చూస్తాడు. తాతకి అక్షరం రాదు. మామ్మకీ రాదు. అమ్మ సంతకం పెడుతుంది, బస్సు మీది బోర్డు చదువుతుంది. నాన్న ఏడాదిలో తొమ్మిది నెలలు తాపీపనికి విశాఖపట్నమో చెన్నయ్యో పోయేవాడు. ఇంక ఇంటికి వచ్చే ప్రతి కాగితం నా చేతికే వచ్చేది. కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, పెళ్ళి శుభలేఖ, ఎరువు బస్తా మీది రాత, అన్నీ. చదివి చెప్పాక ఇంకొకరు సరిచూసే వీలే లేదు. ఇంత సుఖమైన ఉద్యోగం మళ్ళీ నాకు దొరకలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మామ్మ అరుగు మీద కూచుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీసేది. పోగుచేసి చీపుళ్ళు కట్టేది. ఆ వేళకి నేను చందమామ చదివి వినిపించాలి. నాన్న కాశీబుగ్గలో పాతపేపర్ల కొట్లో ఏరుకొచ్చిన అట్టల్లేని సంచికలవి. ఏ సంవత్సరానివో మాకు తెలీదు. కొన్నింటికి చివరి పేజీలుండేవి కావు. మామ్మకి బేతాళకథలంటే ప్రాణం. నాకేమో బయట గోళీలాట. కథ చెట్టు దగ్గర మొదలై చెట్టు దగ్గరే ముగుస్తుందని కనిపెట్టాక, మధ్యలో ఉన్నది ఎవరికి కావాలి? రాజు శవాన్ని భుజాన వేసుకోగానే రెండు పేజీలు కలిపి తిప్పేసి, తిన్నగా బేతాళుడు ప్రశ్న అడిగే చోటికి వెళ్ళిపోయేవాణ్ణి. కథ లేకుండా ప్రశ్న ఉంటే బాగోదు కాబట్టి ఒక కథ అప్పటికప్పుడు అల్లేవాణ్ణి. నా కథల్లో రాజకుమార్తెలు చాలా తొందరగా పెళ్ళి చేసుకునేవారు.

"ఈయాల బేతాళుడు బేగి ఎక్కేసినాడేటి సెట్టు?" అనేది మామ్మ, ఈనె గీస్తూనే.

"అంతే మామ్మా, చిన్న కథ."

అంతే. మరి మాట్లాడేది కాదు. నా తెలివికి నేనే మురిసిపోతూ గోళీలకి పరిగెత్తేవాణ్ణి.

నేను హైస్కూలు దాటకముందే చందమామ రావడం ఆగిపోయింది. 1947 జూలైలో మొదలైన పత్రిక, అన్ని తరాలకి ఉండి నా తరం దగ్గర ఆగింది. మాకు పెద్ద తేడా తెలీలేదు, ఎందుకంటే మేం చదివేవి ఎలాగూ పాతవే. ఈలోగా నేను బళ్ళో పఠనపోటీల వీరుణ్ణయ్యాను. రేడియోలో వార్తలు చదివే గొంతొకటి పట్టేశాను. ఇంట్లో 'ఏటి' అన్నవాణ్ణి స్టేజి మీద 'ఏమిటి' అనేవాణ్ణి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణికించాలో తెలిసింది. ఏం చదువుతున్నానో తెలియాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. మూడుసార్లు స్టీలు డబ్బాలు గెలిచాను. ఒకదాంట్లో అమ్మ ఇప్పటికీ జీలకర్ర పోస్తుంది.

ఇంటర్ బైపీసీలో చేరి రోజూ కాశీబుగ్గకి ఆటోలో వెళ్ళే రోజుల్లో తెలుగు చదవడమంటే నామోషీ పట్టుకుంది. విశాఖపట్నంలో ఫుట్‌పాత్ మీద అరవై రూపాయలకి ఒక ఇంగ్లీషు నవల కొన్నాను. ఎందుకు అదే కొన్నానంటే, ఉన్నవాటిలో అది లావు. దాన్ని సంచిలో పెట్టేవాణ్ణి కాదు, చేత్తో పట్టుకునేవాణ్ణి. అందులో పదకొండో పేజీ దాటి నేను వెళ్ళలేదు. కానీ పేజీగుర్తుగా పెట్టిన బస్సు టిక్కెట్టుని మాత్రం వారానికి ఇరవై పేజీల చొప్పున ముందుకి జరిపేవాణ్ణి. ఆటోలో పక్కన కూచున్న అమ్మాయికి నా ప్రగతి తెలియాలి కదా. కన్యాశుల్కంలో గిరీశాన్ని చూసి తర్వాతెప్పుడో నవ్వుకున్నాను గానీ, గిరీశం నాకంటే నయం. ఆయన చదవని పుస్తకాన్ని రోజూ ఆటోలో మోసుకు తిరగలేదు.

ఇక్కడిదాకా చెప్పింది నవ్వుకోడానికి పనికొస్తుంది. ఇక ముందుది నవ్వులాట కాదు.

2017లో ఉద్దానం ఊళ్ళల్లో రక్తపరీక్షల క్యాంపులు జోరుగా జరిగాయి. ఎందుకొస్తోందో ఎవరూ తేల్చని కిడ్నీజబ్బు. నీళ్ళన్నారు, ఎండ అన్నారు, పురుగుమందులన్నారు, ఇంకా అంటూనే ఉన్నారు. మా ప్రాంతంలో అక్షరం రానివాడికి కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుంది, క్రియాటిన్. కాగితం మీద క్రియాటినిన్ అని ఉంటుంది, మా నోట్లో ఒక 'ని' అరిగిపోయింది. "మీ నాన్నకెంత?" "రెండున్నర." "మా అమ్మకి నాలుగు." పొద్దున్న టీకొట్టు దగ్గర క్రికెట్ స్కోరూ, క్రియాటిన్ స్కోరూ పక్కపక్కనే నడుస్తాయి.

ఆ క్యాంపులో తాత కూడా రక్తం ఇచ్చాడు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. తాత దాన్ని మడత నలక్కుండా తెచ్చి, నేను కాలేజీనుంచి వచ్చేదాకా దేవుడి గూట్లో పెట్టి, రాగానే నా చేతికిచ్చాడు. "సదువు బాబూ."

అందులో మూడు నిలువు వరసలు. ఎడమవైపు పరీక్ష పేరు, మధ్యలో తాత రక్తంలో ఎంత ఉందో ఆ అంకె, కుడివైపు ఆరోగ్యంగా ఉన్నవాడికి ఎంత ఉండాలో ఆ అంకెలు. కుడివరస నెత్తిన నార్మల్ అని లావు అక్షరాలతో ఉంది. ఇంగ్లీషు నవల చదివేవాడికి ఆ ఒక్క మాట చాలు. మిగిలింది నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పొచ్చు. పక్కింట్లో అడగొచ్చు, క్యాంపుకొచ్చిన ఏఎన్‌ఎంని అడగొచ్చు. తాత, మామ్మ, అమ్మ, ముగ్గురూ నా నోరే చూస్తున్నారు. రేడియో గొంతులో చదివాను.

"నార్మల్ తాతా. పాయింట్ ఏడునుంచి ఒకటీ పాయింట్ మూడు లోపే ఉంది."

మధ్యవరసలో ఉన్నది 3.1.

తాత ఆ సాయంత్రం ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. "మా మనవడు సదివాడు, నార్మలట." మోకాళ్ళ నొప్పులకి మందులకొట్లో కొనుక్కునే బిళ్ళలు వేసుకుంటూనే ఉన్నాడు. ఉప్పుచేప లేకుండా ముద్ద దిగేది కాదు, అలాగే తిన్నాడు.

నాకు ఎప్పుడు తెలిసిందంటే, దసరా సెలవులకి ముందు. కాలేజీలో ఒక స్నేహితుడు వాళ్ళ నాన్న రిపోర్టు చూపించి, "చూడు, ఉండాల్సింది ఇది, ఉన్నది ఇది" అని వేలు పెట్టి చెప్పాడు. ఆ వేలు కుడివరస మీదనుంచి మధ్యవరసకి జరగడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఇంటికొచ్చి తాత కాగితం తీసి చూశాను. చూసి, ఏం చేశాను? చెప్పలేదు. రేపు చెప్దామనుకున్నాను. పండగయ్యాక చెప్దామనుకున్నాను. చెప్తే, ఇన్నాళ్ళూ చదివానన్నది అబద్ధమని తేలిపోతుంది. తప్పు చదివానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ కాగితాన్ని ఇంగ్లీషు నవలలో పెట్టి మూసేశాను. ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవరని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుందని బేతాళుడు రాజుని బెదిరిస్తాడు. ఏడునెలలు నేను నోరు విప్పలేదు. నా తల నిక్షేపంగా ఉంది.

2018 ఏప్రిల్లో తాత పాదాలు పొంగాయి. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను, మరి చదువుకున్నవాణ్ణి నేనే కదా. 5.8 వచ్చింది. డాక్టరుగారు "ఇంతకుముందు పరీక్ష చేయించారా?" అని అడిగారు. "సేయించాను బాబూ, నార్మలు" అన్నాడు తాత, నావైపు చెయ్యి చూపిస్తూ. డాక్టరుగారు నావైపు చూశారు. నేను తలూపాను. ఇంత రాసి కూడా ఆ తలూపడం దగ్గరే నా కలం ఆగుతోంది. ముందే తెలిసుంటే తాతకి ఎన్నాళ్ళు కలిసొచ్చేదో నేను చెప్పలేను. ఆ నొప్పి బిళ్ళలు మాత్రం ఆ రోజే మానేసేవాడు, అంతవరకు ఖాయం.

అదే ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మండలంలోనే, పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి సంగతి మా ప్రాంతంలో ఎవరినడిగినా చెప్తారు, నేను విడిగా చెప్పేదేం లేదు. తెల్లారి చూస్తే తాత వేసిన కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకుని ఉన్నాయి. జీడితోటలో వేళ్ళు పైకి, కొమ్మలు కిందికి. మా ఇంటి రేకులు ఎగిరిపోతున్నప్పుడు అమ్మ బియ్యం డబ్బా పట్టుకుంది, మామ్మ తాతని పట్టుకుంది. నేను ఇంగ్లీషు నవలని పాలిథిన్ సంచిలో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాను. పక్కింటాయన అది చూసి ఆ తర్వాత చాలామందికి చెప్పాడు. "అంత గాలిలో కూడా పుస్తకం వొదల్లేదర్రా, సదువంటే ఆడికి పేణం." ఆ పేరు కూడా నేను ఉంచేసుకున్నాను.

తాత పలాసలో డయాలసిస్ చేయించుకుంటూ రెండేళ్ళు బతికాడు. 2020లో పోయాడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఆ దారిన బస్సులో వెళ్ళినప్పుడల్లా నేను ఫోన్ చూసుకుంటాను.

ఇలాంటివాడు చివరికి ఏమవుదామనుకుంటాడు? టీచరు. డిగ్రీ అయ్యాక డీఎడ్‌లో చేరాను. ఎందుకు చేరావంటే నిజం చెప్పేస్తాను. నాకు గట్టిగా చదవడం వచ్చు, ఎదుటివాళ్ళు వింటారు, సరిచూడరు. ఇంకేం కావాలి?

డీఎడ్‌లో చదవడం అంటే బిట్లు. ఏ పుస్తకం ఎవరు రాశారో నాకు తెలుసు. ఏ పుస్తకంలో ఏముందో తెలీదు. పియాజే ప్రకారం మూర్త ప్రచాలక దశ ఏడునుంచి పదకొండేళ్ళదాకా అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఏడేళ్ళ గుంటడు ఎదురుగా నిలబడితే ఏం మాట్లాడాలో చెప్పలేను. ఒక పక్క రచన, ఒక పక్క రచయిత పెట్టి గీత గీసి కలపమంటే పదికి పది. యజ్ఞం, కాళీపట్నం రామారావు. యజ్ఞంతో తొమ్మిది, కేంద్ర సాహిత్య అకాడమీ, 1995. గీత గీశాం, మార్కొచ్చింది, పేజీ తిప్పాం.

2023 ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన మా జిల్లా మనిషే, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. కాలేజీలో సభ. విద్యార్థుల తరఫున మాట్లాడేది నేను, మరి గొంతుంది కదా. గిడుగువారి మీద దంచేశాను. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేస్తూ సవర భాష నేర్చుకున్నారనీ, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి బళ్ళు పెట్టారనీ, ఇంటి భాషని బడి వెక్కిరించకూడదన్నదే ఆయన పోరాటమనీ. అన్నీ నిజాలే, గైడులో ఉన్నవే. చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడితే నేనాగను. గైడులో ఆయన పక్కనే ఉన్న కాళీపట్నం రామారావుగారి మీదకి దూకాను. ఆయనా మా జిల్లా, మురపాక. ఆయనా పంతులే, అందరికీ కారా మాస్టారు. ఆయన యజ్ఞం ఎంత గొప్పదో చెప్పాలి. నాకు తెలిసిన యజ్ఞం ఒక్కటే, గోపీచంద్ సినిమా. అది కాదని మాత్రం తెలుసు. పేరుని బట్టి అల్లేశాను. ఊరి బాగు కోసం ఊరంతా ఒక్కటై చేసిన మహాయజ్ఞమే ఆ కథ అన్నాను. చిన్నప్పుడు బేతాళకథలు అల్లిన చెయ్యి కదా, తడుముకోలేదు.

ముందు వరసలో అతిథిగా వచ్చిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టారున్నారు. సన్నగా, తెల్లచొక్కా. సభ అయ్యాక నన్ను పిలిచి, అందరి మధ్యా, మెల్లగా అడిగారు. "బాగా మాట్లాడావు బాబూ. ఆ యజ్ఞంలో ఆహుతి ఏమిటి?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మనలోని స్వార్థమే మాస్టారూ."

చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. నా భుజం మీద చెయ్యేసి, "శ్రీకాకుళం వెళ్ళినప్పుడు ఒకసారి కథానిలయానికి వెళ్ళి రా" అన్నారు. మెచ్చుకున్నారనుకున్నాను.

సరిగ్గా పదిరోజుల తర్వాత బోధనాభ్యాసానికి ఒక బడికి పంపారు. తీరంలో చిన్న ఊరు, మూడో తరగతి. ఒక గుంటణ్ణి లేపి చదవమన్నాను. ఎవరో ఎవరినో ఎక్కడికి వెళ్తున్నావని అడిగే మామూలు వాక్యం. వాడు వేలు పెట్టుకుని, కళ్ళు చిట్లించి, చదివాడు. "నువ్వెక్కడికి ఎల్తన్నావు?"

"ఎల్తన్నావు కాదురా, వెళ్తున్నావు."

"ఎల్తన్నావు."

"వె. వె. వెళ్తున్నావు."

మూడోసారికి తరగతంతా నవ్వింది. నవ్వినవాళ్ళందరూ ఇంట్లో ఎల్తన్నావనేవాళ్ళే. వాడు పుస్తకం మూసి కూచున్నాడు. నేనున్న మిగిలిన రోజుల్లో వాడు నా పీరియడ్‌లో నోరు తెరవలేదు. నేను రికార్డులో ఎర్ర సిరాతో రాసుకున్నాను, 'ఉచ్చారణ దోషములు సవరించబడినవి' అని. దానికి మార్కులు కూడా పడ్డాయి. గిడుగువారి మీద మాట్లాడి పదిరోజులే అయిందన్న సంగతి ఆ సాయంత్రం ఆటోలో కూడా నాకు తట్టలేదు. ఉపన్యాసం వేరు, ఉద్యోగం వేరు అనుకునే ఆరోగ్యవంతమైన బుర్ర నాది.

ఇప్పుడు తలుచుకుంటే వాడిలో దోషం నాకు కనిపించదు. వాడు కాగితం మీద ఉన్నది కంటితో తీసుకున్నాడు, అర్థం చేసుకున్నాడు, తన నోటితో తిరిగి ఇచ్చాడు. అర్థం కాకపోతే వెళ్తున్నావు ఎల్తన్నావు అవదు. నేను 'నార్మల్' అన్న మాటని ఒక్క ఉచ్చారణ దోషం లేకుండా చదివాను.

డిసెంబరులో వేరే పని మీద శ్రీకాకుళం వెళ్ళాను. పని తొందరగా అయిపోయింది, బస్సుకి టైముంది. మాస్టారి మాట గుర్తొచ్చి అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. కథానిలయం ఏ మహాభవనమో అనుకున్నాను. కాలనీలో ఇళ్ళ మధ్య ఒక ఇల్లులాగే ఉంది. 1997 ఫిబ్రవరి 22న తెరిచారట. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒకచోటికి చేర్చాలని కారా మాస్టారు తన అవార్డు డబ్బు కూడా దాంట్లోనే పెట్టి మొదలుపెట్టిన పని. పాత వారపత్రికలు, మాసపత్రికలు బీరువాల్నిండా. మా నాన్న కాశీబుగ్గలో కిలోల లెక్కన ఏరుకొచ్చిన సరుకుని ఇక్కడ ఒకరు కథ కథకీ లెక్కరాసి దాస్తున్నారు.

యజ్ఞం ఉందా అనడిగాను. అడగడానికి సిగ్గేసింది, డీఎడ్ రెండో ఏడు చదువుతున్న జిల్లావాణ్ణి. కుర్చీలో కూచుని మొదలుపెట్టాను. పెద్ద కథ. మొదట నడవదు, పంచాయితీ, అప్పు, వడ్డీ, ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఆ తగువు. రెండుసార్లు పేజీలు కలిపి తిప్పబోయాను, అలవాటు. ఎందుకో తిప్పలేదు. ఆ వడ్డీ లెక్కల్లో మా తాత గొంతు వినిపించింది, తోట మీద అప్పు తెచ్చినప్పటి గొంతు. చివరికొచ్చేసరికి, ఆ అప్పు కింద తన కొడుకు కూడా పాలేరై బతక్కూడదని అప్పుపడ్డవాడి కొడుకు సీతారాముడు కన్నబిడ్డని తానే నరికేస్తాడు. ఆ ముగింపు మీద విమర్శకులు ఏళ్ళతరబడి వాదించుకున్నారని తర్వాత చదివాను. నాకు ఆ వాదనలేవీ ఆ పూట తెలీవు. నాకు వినిపించింది ఒక్కటే. "ఆ యజ్ఞంలో ఆహుతి ఏమిటి?" "మనలోని స్వార్థమే మాస్టారూ." చప్పట్లు.

ఆ బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సుకి వచ్చాను.

ఆ రోజునుంచి నేను గొప్ప చదువరినైపోయానని రాస్తే అది ఇంకో ఉపన్యాసమవుతుంది. అవలేదు. మళ్ళీ బిట్లలోనే పడ్డాను. అవనిగడ్డ వెళ్ళి కోచింగ్ తీసుకున్నాను, గదికి ఆరుగురం, గోడల నిండా చార్టులు. 2025లో మెగా డీఎస్సీ, 16,347 పోస్టులు, జూన్‌లో మొదలైన పరీక్షలు. నాకు రాలేదు. వచ్చినవాళ్ళు బాగా చదివారు, అందులో వంక పెట్టడానికేం లేదు. గైడ్లన్నీ అట్టపెట్టెలో కట్టి ఇంటికొచ్చేశాను. ఆ పెట్టె అడుగున కథానిలయంనుంచి వచ్చాక కొన్న కారా మాస్టారి కథల పుస్తకం ఉంది.

ఇంట్లో మామ్మ అదే అరుగు మీద ఉంది. చూపు తగ్గింది, ఈనెలు మాత్రం వేళ్ళే తీసేస్తున్నాయి. కొబ్బరి మళ్ళీ కాపుకొస్తోంది. తిత్లీ తర్వాత నాటిన మొక్కలు. నేను ఖాళీగా కూచోవడం చూసి, "ఏటైనా సదువు" అంది. పదిహేనేళ్ళ తర్వాత. యజ్ఞం తీశాను. రెండు పేజీలు చదివానో లేదో, మామ్మ ఈనె ఆపి అంది.

"ఒక్కో కాయితమే తిప్పు నాయినా. రెండు కాయితాలు ఒకపాలి తిప్పితే సప్పుడు వేరేగుంటాది. నాకు తెల్దేటి?"

నేను ఒక్కటే తిప్పాను ఆ రోజు, ఒట్టు. కానీ ఆవిడ అంటున్నది ఆ రోజు సంగతి కాదు.

"అప్పుడు మరి ఎందుకు అడగలేదు మామ్మా?"

"అడిగితే ఆ కూసింత కూడా సదవ్వు కదా."

ఈ మాట విన్నాక నాలో ఏదో తెగింది. నవల తెచ్చాను. పాలిథిన్ సంచి వాసన ఇంకా ఉంది. కాగితం తీసి అంతా చెప్పేశాను. నార్మల్ అన్నది ఏ వరసో, దసరాకి ముందే తెలియడం, డాక్టరు దగ్గర తలూపడం. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

చాలాసేపటికి అంది. "కాయితం సదువు."

"చెప్పాను కదా మామ్మా."

"సెప్పడం కాదు. సదువు. అంతా."

చదివాను. పైన క్యాంపు పేరు, తేదీ, తాత పేరు, వయసు. హెచ్‌బీ ఎంత, షుగర్ ఎంత, యూరియా ఎంత. ఒక్కోదానికి మూడు వరసలూ. ఇది పేరు, ఇది తాతది, ఇది ఉండాల్సింది. క్రియాటిన్ దగ్గరికొచ్చాక గొంతు ఆగింది. మామ్మ ఏమీ అనలేదు, ఆగింది అంతే. "మూడూ పాయింట్ ఒకటి" అన్నాను. ఆ తర్వాత కింద సంతకం ఉందని కూడా చెప్పాను, ఎవరిదో అర్థం కాలేదని కూడా చెప్పాను. కాగితం మీద ఉన్నదంతా ఉన్నట్టు నేను చదవడం బహుశా అదే మొదటిసారి.

మామ్మ ఆ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి బొడ్డున దోపుకుంది. లేచి లోపలికెళ్ళి పొయ్యి మీద కూర చూసింది. ఆ రోజు మరి మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం మామూలుగానే ఈనెలు పట్టుకొచ్చి అరుగు మీద కూచుని, "నిన్న ఎక్కడాపినావు?" అంది.

ఇప్పుడు రోజూ కొంచెం కొంచెం చదువుతున్నాం. నా రేడియో గొంతు ఆవిడకి నచ్చదు, మామూలుగా చదవమంటుంది. మధ్యలో తగువు పెట్టుకుంటుంది, కథలోని ప్రెసిడెంటుతో ఒకసారి, నాతో ఒకసారి. వడ్డీ లెక్క రెండుసార్లు వెనక్కి వెళ్ళి చదివించుకుంది. తప్పెవరిదో ఇప్పటికే తేల్చేసింది గానీ నాకు చెప్పడం లేదు. చివర ఏముందో ఆవిడకి తెలీదు. నాకు తెలుసు. చివరి రెండు కాగితాలు కలిపి తిప్పెయ్యాలని ఇప్పటికీ అనిపిస్తోంది.

ఆపినచోట కొబ్బరి ఈనె పెట్టి ఉంచాను. ఇంకా పదకొండు పేజీలున్నాయి.